ప్లాస్టిక్ ఫిల్ముల ఎక్స్‌ట్రూషన్, కంపోస్టబుల్ సంచులు

ప్లాస్టిక్ ఫిల్ముల ఎక్స్‌ట్రూషన్ అనేది గుళికల రూపంలో ఉన్న పాలిమరును వేడిచేసి కరగించి, ఆ ముద్దను ఒత్తిడితో సన్నని సందు గుండా బయటకు నెట్టి పలుచని పొరగా మార్చే పద్ధతి. కిరాణా కొట్టులో ఇచ్చే కవరు, పాల ప్యాకెట్టు, చెత్తబుట్టలో తొడిగే సంచి, మిరప, పుచ్చ తోటల్లో మొక్కల మొదళ్ళ చుట్టూ పరచే మల్చింగు షీటు అన్నీ ఈ పద్ధతిలో తయారైనవే. పరిశ్రమ పరిభాషలో 0.25 మిల్లీమీటరు (250 మైక్రాన్లు) కంటే పలుచగా ఉన్న పొరను ఫిల్ము అనీ, అంతకంటే మందమైన దానిని షీటు అనీ అంటారు. రైతులు షీటు అని పిలిచే మల్చింగు పొర సాధారణంగా 20 నుండి 30 మైక్రాన్లే ఉంటుంది కనుక నిజానికి అది ఫిల్మే.

భారతదేశంలో 2021, 2022 సంవత్సరాలలో వచ్చిన నిబంధనల వలన పలుచని పాలిథిన్ క్యారీ బ్యాగుల తయారీ, అమ్మకం నిషిద్ధమయ్యాయి. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌తో, అనగా కంపోస్టు ఎరువుగా మారగల ప్లాస్టిక్‌తో చేసిన సంచులకు మాత్రం ఈ మందపు నియమం వర్తించదు. అందువలన అదే యంత్రం మీద మరొక రకం గుళికలు పోసి సంచులు చేయడం ఒక కొత్త వ్యాపారంగా మారింది. ఈ సంచులు నిజంగా మట్టిలో కలిసిపోతాయా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. సంచి చివరికి ఏమవుతుందో నిర్ణయించేవి రెండు: అది ఏ అణువుతో తయారైంది, వాడిన తరువాత ఏ చోటికి చేరింది. నిబంధనలు ప్రధానంగా పట్టించుకునేవి కూడా రెండే: మందం ఎన్ని మైక్రాన్లు, సంచి మీద ఏమని అచ్చు వేశారు. ఈ రెండు జతలకు మధ్య ఉన్న దూరమే ప్రస్తుత సమస్య.

జంతికల గొట్టం నుండి ఎక్స్‌ట్రూడరు వరకు

ఎక్స్‌ట్రూషన్‌కు తెలుగులో స్థిరపడిన మాట లేదు. కానీ ఆ పని తెలుగువారికి కొత్త కాదు. జంతికల గొట్టంలో పిండి ముద్దను పెట్టి, పై నుండి నొక్కితే అడుగున ఉన్న బిళ్ళ రంధ్రాల ఆకారంలో పిండి బయటకు వస్తుంది. బిళ్ళ మారిస్తే అదే పిండి కారప్పూస అవుతుంది. ఎక్స్‌ట్రూడరులో ఆ బిళ్ళకు బదులు ఉండే భాగాన్ని డై అంటారు. ముఖ్యమైన తేడా ఏమంటే జంతికల గొట్టాన్ని ఒక్కొక్క వాయికి నింపుకోవాలి; ఎక్స్‌ట్రూడరులో నెట్టే పనిని తిరిగే స్క్రూ చేస్తుంది కనుక ముద్ద ఎడతెగకుండా వస్తూనే ఉంటుంది. స్క్రూతో నెట్టే యంత్రానికి 1879లో బ్రిటన్‌లో మాథ్యూ గ్రే పేటెంటు పొందాడు. అప్పట్లో అటువంటి యంత్రాలను రబ్బరుకు, తీగల మీద తొడుగులు వేయడానికి వాడేవారు. పాలిథిన్‌ను 1933లో ఇంగ్లండులోని విన్నింగ్టన్ వద్ద ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే శాస్త్రజ్ఞులు అనుకోకుండా కనుగొన్నారు. ఈనాడు మనకు తెలిసిన, చేతి పిడులు ఉన్న పలుచని సంచి రూపాన్ని స్వీడన్‌కు చెందిన స్టెన్ గుస్తాఫ్ తులిన్ రూపొందించగా, సెల్లోప్లాస్ట్ కంపెనీ 1965లో దానికి అమెరికాలో పేటెంటు పొందింది.

ఎక్స్‌ట్రూడరు పైభాగాన గరాటు వంటి హాపరు ఉంటుంది. వర్తకంలో దానా అని పిలిచే పాలిమరు గుళికలను అందులో పోస్తారు. అవి బ్యారెల్ అనే ఉక్కు గొట్టంలోకి జారి, లోపల తిరుగుతున్న స్క్రూ గాళ్ళలో పడతాయి. స్క్రూలో మూడు భాగాలుంటాయి. మొదటి భాగం గుళికలను ముందుకు తీసుకుపోతుంది. రెండవ భాగంలో గాడి లోతు క్రమంగా తగ్గుతుంది కనుక గుళికలు నలిగి, వాటి మధ్య ఉన్న గాలి వెనక్కు పోయి, ముద్దగా కరుగుతాయి. మూడవ భాగం ఆ ద్రవాన్ని ఒకే ఒత్తిడితో డైకి అందిస్తుంది. బ్యారెల్ చుట్టూ విద్యుత్ హీటర్లు ఉన్నప్పటికీ, యంత్రం వేగం అందుకున్న తరువాత కరగడానికి కావలసిన వేడిలో అధికభాగం స్క్రూ రాపిడి నుండే వస్తుంది. స్క్రూ పొడవు దాని వ్యాసానికి 24 నుండి 30 రెట్లు ఉండటం పరిపాటి. చిన్న కార్ఖానాలలో కనిపించే 45 మి.మీ. స్క్రూను 26 రెట్ల పొడవుతో చేస్తే అది 1,170 మి.మీ., అనగా మీటరుకు కొంచెం ఎక్కువ.

బుడగ

కవర్లు తయారుచేసే పద్ధతిని బ్లోన్ ఫిల్ము ఎక్స్‌ట్రూషన్ అంటారు. దీనిలో డై నోరు గుండ్రని ఉంగరం వలె ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ ఆ సందు నుండి గొట్టం ఆకారంలో పైకి వస్తుంది. డై మధ్య రంధ్రం నుండి గాలి పంపితే ఆ గొట్టం బుడగలా ఉబ్బుతుంది. బయట చుట్టూ ఉన్న గాలి ఉంగరం చల్లని గాలిని ఊది దానిని గట్టిపరుస్తుంది. పారదర్శకంగా ఉన్న ద్రవం ఒక ఎత్తు వద్ద కొద్దిగా మసకబారి ఘనమవుతుంది. ఆ గీతను ఫ్రాస్ట్ లైన్ అంటారు. అనుభవం ఉన్న ఆపరేటరు మీటర్ల కంటే ముందు ఆ గీతనే చూస్తాడు. పైకి చేరిన బుడగను రెండు పలకల మధ్య క్రమంగా అణచి, రబ్బరు రోలర్ల మధ్య బల్లపరుపుగా నొక్కి, చుట్టలుగా చుడతారు.

ఫిల్ము మందం డై సందు మీద మాత్రమే ఆధారపడదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. డై వ్యాసం 100 మి.మీ., దాని సందు 1.5 మి.మీ. అనుకుందాం. బుడగ వ్యాసం 250 మి.మీ. వరకు ఉబ్బితే ఉబ్బు నిష్పత్తి 2.5. ఆ బుడగను అణచితే వచ్చే ఫిల్ము వెడల్పు సుమారు 39 సెంటీమీటర్లు. 50 మైక్రాన్ల ఫిల్ము కావాలంటే, అడ్డంగా రెండున్నర రెట్లు సాగిన పొరను నిలువుగా కూడా సుమారు 12 రెట్లు సాగదీయాలి. అనగా పైనున్న రోలర్లు, డై నుండి ద్రవం వెలువడే వేగానికి 12 రెట్ల వేగంతో లాగాలి. 25 మైక్రాన్లు కావాలంటే 24 రెట్లు. డై మార్చనక్కరలేదు, యంత్రం ఆపనక్కరలేదు. రోలర్ల వేగం పెంచితే చాలు. మందం మీద నిబంధన పెట్టడం ఎంత తేలికో, దానిని ఉల్లంఘించడమూ అంత తేలిక అనడానికి కారణం ఇదే. పగలు 75 మైక్రాన్లు లాగిన యంత్రం రాత్రికి 30 మైక్రాన్లు లాగగలదు.

అడ్డంగా, నిలువుగా జరిగే ఈ సాగుడు వలన పాలిమరు గొలుసులు ఆయా దిశలలో కొంత వరుసకు వస్తాయి. నిలువు సాగుడు మరీ ఎక్కువైతే సంచి నిలువునా చీరుతుంది. పలుచని చవక కవరు కూరగాయల బరువుకు నిలువుగా జర్రున చీలిపోవడం వెనుక సాధారణంగా ఉన్న కారణం ఇదే.

దానా మారితే

పాలిథిన్ అణువు కార్బన్ పరమాణువుల పొడవైన గొలుసు. ఆ గొలుసులో ఎక్కడా నీటికి గాని, సూక్ష్మజీవుల ఎంజైములకు గాని పట్టు దొరకదు. అందుకే అది మట్టిలో దశాబ్దాలు నిలుస్తుంది. కంపోస్టబుల్ సంచులలో వాడే పాలిమర్లు చాలావరకు పాలియెస్టర్లు. వీటి గొలుసులో అక్కడక్కడ ఎస్టరు బంధాలుంటాయి. నీరు, వేడి కలిస్తే ఆ బంధాలు తెగుతాయి. తెగిన చిన్న ముక్కలను సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకుని కార్బన్ డయాక్సైడు, నీరు, జీవపదార్థంగా మారుస్తాయి.

సంచులలో ప్రధానంగా కనిపించేవి రెండు పాలియెస్టర్లు, వాటికి తోడు పిండి పదార్థం. మొదటిది పీఎల్ఏ, అనగా పాలిలాక్టిక్ ఆమ్లం. మొక్కజొన్న, చెరకు వంటి పంటల చక్కెరను పులియబెట్టి వచ్చిన లాక్టిక్ ఆమ్లం నుండి దీనిని తయారుచేస్తారు. అమెరికాలోని నెబ్రాస్కాలో, థాయిలాండులోని రయాంగ్‌లో దీని పెద్ద కర్మాగారాలున్నాయి. భారతదేశంలో బలరాంపూర్ చీనీ మిల్స్ ఉత్తరప్రదేశ్‌లో ఇటువంటి కర్మాగారం నెలకొల్పనున్నట్లు 2024లో ప్రకటించింది. పీఎల్ఏ గట్టిది, కానీ పెళుసు. దానితో మాత్రమే చేసిన సంచి నలిపితే చిటపటమంటుంది. రెండవది పీబీఏటీ. ఇది మెత్తగా, సాగే గుణంతో పాలిథిన్‌కు దగ్గరగా ఉంటుంది. జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ 1998లో ఎకోఫ్లెక్స్ పేరుతో దీనిని విపణిలోకి తెచ్చింది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. పీబీఏటీ సాధారణంగా పెట్రోలియం నుండే వస్తుంది. పెట్రోలియం నుండి వచ్చినదైనా అది సూక్ష్మజీవుల వలన విచ్ఛిన్నమవుతుంది. చెరకు నుండి తీసిన ఇథనాల్‌తో తయారయ్యే పాలిథిన్ కూడా ఉన్నది. అది మొక్క నుండి వచ్చినా విచ్ఛిన్నం కాదు. పుట్టుక వేరు, అంతం వేరు. కవరు మీద మొక్కజొన్న కంకి బొమ్మ ఉన్నంత మాత్రాన అది మట్టిలో కలుస్తుందని అనుకోరాదు.

పిండి పదార్థాన్ని యథాతథంగా ఎక్స్‌ట్రూడరులో పోస్తే కరగకుండా మాడిపోతుంది. గ్లిసరాల్, నీరు వంటివి కలిపి వేడిలో పిసికితే అది ప్లాస్టిక్ వలె ప్రవహిస్తుంది. ఇటలీకి చెందిన నోవామాంట్ కంపెనీ మేటర్-బీ అనే పేరుతో ఈ మార్గంలో ప్రసిద్ధి చెందింది.

ఈ దానాను పాలిథిన్ యంత్రం మీద నడపవచ్చునా? నడపవచ్చు, కానీ యంత్రం స్వభావం మారుతుంది. అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. పాలిథిన్ నీటిని పీల్చదు. వర్షాకాలంలో తెరిచి ఉంచిన బస్తాలోని దానాను కూడా నేరుగా హాపరులో పోస్తారు. పీఎల్ఏ విషయంలో అలా చేస్తే, బ్యారెల్‌లోని వేడిలో ఆ తేమే గొలుసులను తెంపుతుంది. దానాను ముందుగా పొడిగాలిలో ఆరబెట్టి, తేమను 0.025 శాతం లోపుకు తేవలసి ఉంటుంది. తేమ మిగిలితే ద్రవం నీళ్ళలా పలచబడుతుంది, బుడగ నిలవదు, నిలిచినా ఫిల్ముకు బలం ఉండదు. ఏ బంధం మట్టిలో తెగాలని కోరుకుంటున్నామో, అదే బంధం యంత్రంలోనూ తెగబోతుంది. అది అక్కడ తెగరాదు, ఇక్కడ తెగాలి. కంపోస్టబుల్ ఫిల్ముల సాంకేతికత అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతుంది.

వేడి విషయంలోనూ వెసులుబాటు తక్కువ. పాలిథిన్ ద్రవం బ్యారెల్‌లో కొంతసేపు ఆగినా పెద్ద నష్టం లేదు. పాలియెస్టరు మిశ్రమాన్ని అలా ఉంచితే చెడుతుంది. అందుచేత పని ముగించే ముందు పాలిథిన్ పోసి బ్యారెల్‌ను కడుగుతారు. మర్నాడు మొదలుపెట్టినప్పుడు ఆ పాలిథిన్ పూర్తిగా బయటకు పోయేవరకు వచ్చిన ఫిల్మును పక్కన పెట్టాలి. లేకుంటే కంపోస్టబుల్ అని అచ్చు వేసిన సంచిలో పాలిథిన్ చారలు మిగులుతాయి. అంచుల నుండి కత్తిరించిన ముక్కలను మళ్ళీ దానాగా మార్చి కలపడం పాలిథిన్ కార్ఖానాలకు అలవాటు. ఇక్కడ ఒక్కసారి కరిగిన పదార్థం కొంత బలం కోల్పోయి ఉంటుంది కనుక కలిపే పాలు తక్కువగా ఉంచాలి. బుడగ చల్లబడటానికి ఎక్కువ సమయం పడుతుంది, రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి, వేగం తగ్గించవలసి వస్తుంది. తయారైన సంచికి సైతం గడువు ఉంటుంది. తేమ గల గోదాములో ఏడాదికి మించి నిలువ ఉంటే అది వాడకముందే నీరసించవచ్చు.

ధర సంగతి వేరే చెప్పనక్కరలేదు. కిలో దానా ఖరీదే ఎక్కువ. దానికి తోడు సాంద్రత కూడా ఎక్కువ. పాలిథిన్ సాంద్రత సుమారు 0.92 కాగా పీబీఏటీ, పీఎల్ఏలది 1.25 దరిదాపు. అంటే అదే కొలతకు, అదే మందానికి మూడో వంతు కంటే ఎక్కువ బరువు దానా పడుతుంది. సంచులను లెక్కన అమ్మి, దానాను కిలోల్లో కొనే చిన్న తయారీదారుకు ఈ తేడా నేరుగా జేబుకు తగులుతుంది.

మైక్రాన్ల లెక్క

భారతదేశంలో క్యారీ బ్యాగుల కనీస మందం క్రమంగా పెరుగుతూ వచ్చింది. 1999 నాటి నియమాలలో అది 20 మైక్రాన్లు. 2011లో 40, 2016లో 50 అయింది. 2021 ఆగస్టులో జరిగిన సవరణ ప్రకారం 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లు. 2022 జులై 1 నుండి అమలులోకి వచ్చిన ఒకసారి వాడి పారవేసే వస్తువుల నిషేధం వేరు. స్ట్రాలు, ప్లేట్లు, కప్పులు, ఇయర్‌బడ్ పుల్లలు వంటివి ఆ జాబితాలోనివి. ఈ రెంటినీ కలిపి ప్లాస్టిక్ నిషేధం అనడం వలన ప్రజలలో కొంత అయోమయం ఏర్పడింది.

మందం పెంచడంలో ఉద్దేశం స్పష్టమే. 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు గల సంచిని తీసుకుందాం. రెండు వైపులా కలిపి వైశాల్యం 0.24 చదరపు మీటరు. 50 మైక్రాన్ల పాలిథిన్‌తో దాని బరువు 11 గ్రాములు, 75 మైక్రాన్లతో సుమారు 16.5 గ్రాములు, 120 మైక్రాన్లతో 26.5 గ్రాములు. కిలో దానాకు 50 మైక్రాన్ల సంచులు 90 వస్తే, 120 మైక్రాన్లవి 37 మాత్రమే. సంచి ఖరీదైతే దుకాణదారు ఊరకే ఇవ్వడు, కొన్నవాడు మళ్ళీ వాడతాడు, పారవేసినా బరువు ఉంటుంది కనుక చెత్త ఏరుకునేవారు దానిని వదలరు అన్నది ఆలోచన. చివరి మాటలో చాలా నిజమున్నది. పలుచని కవర్లను కిలో పోగుచేయడానికి వందకు పైగా ఏరాలి. ఆ శ్రమకు వచ్చే డబ్బు గిట్టదు. కాలువలలో మిగిలిపోయేవి అవే. అయితే మందమైన సంచిని కూడా ఒకసారికే వాడి పారవేస్తే, దేశంలోకి చేరే ప్లాస్టిక్ బరువు రెట్టింపు కంటే ఎక్కువవుతుంది.

కంపోస్టబుల్ సంచులకు ఈ మందపు నియమం నుండి మినహాయింపు ఇచ్చి, దానికి బదులుగా ఐఎస్‌ఓ 17088 ప్రమాణాన్ని పాటించాలనీ, తయారీదారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుండి ధ్రువపత్రం పొందాలనీ నియమం పెట్టారు. మినహాయింపు సహేతుకమే, త్వరగా కుళ్ళవలసిన వస్తువును 120 మైక్రాన్ల మందాన చేయమనడంలో అర్థం లేదు. కానీ దీనివలన ఒక ఆశ కూడా పుట్టింది. 25 మైక్రాన్ల పాలిథిన్ సంచి మీద ‘నేను ప్లాస్టిక్ కాను’ అని ఆకుపచ్చ సిరాతో అచ్చు వేస్తే దుకాణంలో దానిని కంటితో పట్టుకోవడం కష్టం. నిజాయితీగా ఖరీదైన దానా కొని, ఆరబెట్టి, నెమ్మదిగా నడిపే తయారీదారు ఈ పోటీలో ముందుగా దెబ్బతింటాడు.

పేర్ల గందరగోళం

బయోడిగ్రేడబుల్, కంపోస్టబుల్, ఆక్సో-డిగ్రేడబుల్ అన్న మూడు మాటలను తెలుగు పత్రికలు తరచుగా ఒకే అర్థంలో వాడుతున్నాయి. మూడూ వేరు. కంపోస్టబుల్ అన్నమాటకు కొలత ఉన్నది: ఐఎస్‌ఓ 17088, దానికి సమానమైన యూరప్, అమెరికా ప్రమాణాల ప్రకారం, సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన కంపోస్టులో 180 రోజుల లోపు పదార్థంలోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడుగా మారాలి, 12 వారాల తరువాత 2 మి.మీ. జల్లెడ మీద పదో వంతుకు మించి మిగలరాదు. మిగిలిన ఎరువు మొక్కలకు హాని చేయరాదు. బయోడిగ్రేడబుల్ అన్న మాటకు చోటు, కాలం చెప్పకపోతే అర్థం లేదు. కొయ్య కూడా బయోడిగ్రేడబులే, అయినా ఇంటి దూలాలు వంద సంవత్సరాలు నిలుస్తాయి. 2024 మార్చిలో భారత ప్రభుత్వం నియమాలను సవరించి, మైక్రోప్లాస్టిక్ మిగల్చకుండా విచ్ఛిన్నమయ్యే దానినే బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్‌గా పరిగణించాలని నిర్వచనాన్ని బిగించింది.

ఆక్సో-డిగ్రేడబుల్ అనేది మామూలు పాలిథిన్‌లో కోబాల్టు, మాంగనీసు, ఇనుము వంటి లోహాల లవణాలను కొద్ది శాతం కలిపి చేసినది. ఎండకు, గాలికి అది పెళుసై ముక్కలవుతుంది. యంత్రంలో ఏ మార్పూ అక్కరలేదు, ఆరబెట్టే పని లేదు, దానాతో పాటు ఒక గుప్పెడు గుళికలు అదనంగా వేస్తే చాలు. ఇంత సులువు కనుకనే 2000 దశకంలో విరివిగా వ్యాపించింది. కనబడకుండా పోవడం వేరు, లేకుండా పోవడం వేరు అని తరువాత తెలిసివచ్చింది. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన చట్టం ద్వారా 2021 జులై నుండి ఈ రకాన్ని పూర్తిగా నిషేధించింది.

ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థామ్సన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. వారు వివిధ రకాల సంచులను గాలిలో, మట్టిలో, సముద్రంలో మూడేళ్ళ పాటు ఉంచారు. బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సంచి మట్టిలోను, సముద్రంలోను మూడేళ్ళున్న తరువాత కూడా సరుకులు మోయగలిగింది. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల లోపే కనబడకుండా పోయింది. మట్టిలో మాత్రం 27 నెలల తరువాత కూడా ఉన్నది, కాకపోతే బరువు మోయలేకపోయింది.

58 డిగ్రీలు ఎక్కడ?

ప్రమాణంలోని 58 డిగ్రీలు యాదృచ్ఛికంగా వచ్చిన సంఖ్య కాదు. పెద్ద ఎత్తున పోగుచేసిన తడి చెత్త కుళ్ళేటప్పుడు దాని లోపల సూక్ష్మజీవుల వలన అంత వేడి సహజంగా పుడుతుంది. పీఎల్ఏ గొలుసులు సుమారు 60 డిగ్రీల వద్ద మెత్తబడి కదలడం మొదలుపెడతాయి. ఆ దరిదాపుల్లో నీరు లోపలికి చేరి బంధాలను త్వరగా తెంచగలదు. ఇంటి పెరట్లోని ఎరువు గుంట అంత వేడెక్కదు, ఎక్కినా నిలవదు. మన ఎండాకాలపు 45 డిగ్రీలు కూడా చాలవు, పైగా ఆ కాలంలో మట్టిలో తేమ ఉండదు. ఊరి బయట చెత్తగుట్ట అడుగున గాలి ఆడదు. అక్కడ విచ్ఛిన్నమైన మేరకు మీథేన్ వాయువు వెలువడే అవకాశముంది.

ఈ సంచులు చక్కగా పనిచేసిన చోటు లేకపోలేదు. ఇటలీ 2011లో మామూలు పాలిథిన్ క్యారీ బ్యాగులను నిషేధించింది. మిలాన్ నగరం 2012 నుండి 2014 లోపు నగరమంతటా వంటింటి చెత్తను వేరుగా సేకరించే ఏర్పాటు చేసింది. దుకాణంలో తీసుకున్న కంపోస్టబుల్ సంచిలోనే ఇంటివారు కూరగాయల తొక్కలు, మిగిలిన ఆహారం వేసి ఇస్తారు. సంచితో సహా అది కర్మాగారానికి పోతుంది. అక్కడ సంచి సరుకు మోసే వస్తువు మాత్రమే కాదు, తడి చెత్త వేరుపడటానికి సాధనం. కంపోస్టబుల్ ఫిల్ముకు అసలైన ప్రయోజనం ఇదేనని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. తడి, పొడి చెత్తలు ఒకే బండిలో కలిసిపోయే ఊరిలో ఆ ప్రయోజనం నెరవేరదు.

తెలుగు నేల మీద అందరికీ తెలిసిన ఉదాహరణ తిరుమల. హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ రూపొందించిన సంచుల విక్రయ కేంద్రాన్ని 2021 ఆగస్టులో తిరుమలలో ప్రారంభించారు. లడ్డూలు తీసుకువెళ్ళడానికి వాడే ఈ సంచులు మొక్కజొన్న పిండి పదార్థంతో చేసినవనీ, 90 రోజులలో విచ్ఛిన్నమవుతాయనీ అప్పుడు ప్రకటించారు. కొండ మీద పాలిథిన్‌ను తగ్గించడంలో ఇది మంచి అడుగు. అయితే లడ్డూ సంచి కొండ మీద ఉండిపోయేది కాదు. అది భక్తునితో పాటు రైలెక్కి చెన్నై, బెంగళూరు, హైదరాబాదు చేరుతుంది. ఇంట్లో ప్రసాదం పంచిన తరువాత ఆ సంచి ఏ బుట్టలో పడుతుందో దాని మీదనే ఆ 90 రోజుల లెక్క ఆధారపడి ఉంటుంది.

పొలంలో

సంచుల కంటే మల్చింగు ఫిల్ములకు ఈ పదార్థాలు ఎక్కువ తగినవని చెప్పవచ్చు. కారణం సులభం: ఈ ఫిల్మును వాడేదీ, విడిచిపెట్టేదీ ఒకే చోట. 25 మైక్రాన్ల పాలిథిన్ ఫిల్ము పంట అయ్యేసరికి ఎండకు పెళుసవుతుంది. ఏరబోతే చేతిలో ముక్కలవుతుంది. మట్టి, వేర్లు అంటుకున్న ఆ ముక్కలను పాత ప్లాస్టిక్ కొనేవారు తీసుకోరు. రైతు వాటిని గట్టు మీద కాల్చడమో, దున్నేయడమో చేస్తాడు. ఏటా దున్నితే మట్టిలో ముక్కలు పేరుకుని నీరు ఇంకడానికి, వేర్లు దిగడానికి అడ్డుపడతాయి.

ఈ వాడుకకు కంపోస్టు ప్రమాణం పనికిరాదు, ఎందుకనగా పొలం 58 డిగ్రీల వద్ద ఉండదు. అందుకే యూరప్‌లో 2018లో ఈఎన్ 17033 అనే ప్రత్యేక ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం 20 నుండి 28 డిగ్రీల మధ్య, మట్టిలోనే, రెండేళ్ళలోపు 90 శాతం విచ్ఛిన్నం కావాలి. ఇటువంటి ఫిల్ములో పీబీఏటీ, పిండి పదార్థం పాళ్ళు ఎక్కువగా, పీఎల్ఏ తక్కువగా ఉంటాయి. ఏరే కూలి ఖర్చు మిగులుతుంది కనుక ఫిల్ము ధర ఎక్కువైనా కొన్ని పంటలకు గిట్టవచ్చు. చిక్కల్లా కాలం విషయంలోనే. నాలుగు నెలల మిరపకు నిలవవలసిన ఫిల్ము రెండో నెలలోనే చీలిపోతే కలుపు లేస్తుంది. రైతు మరుసటి ఏడు దాని జోలికి పోడు.

అసలును గుర్తించడం

ఇంట్లో చేయగల ఒక చిన్న పరీక్ష ఉన్నది. సంచి నుండి చిన్న ముక్క కత్తిరించి, గాలి బుడగలు అంటకుండా రెండు వేళ్ళతో తడిపి నీటి గ్లాసులో ముంచి వదలాలి. పాలిథిన్ నీటి కంటే తేలిక కనుక పైకి తేలుతుంది. పీబీఏటీ, పీఎల్ఏ మిశ్రమం మునుగుతుంది. తేలితే అది కంపోస్టబుల్ కాదని దాదాపుగా నిశ్చయించవచ్చు. మునిగితే మాత్రం అసలైనదని అనుకోరాదు. సుద్దపొడి ఎక్కువగా కలిపిన పాలిథిన్ కూడా మునుగుతుంది. రెండో పరీక్ష ప్రయోగశాలలోనే చేయాలి: డైక్లోరోమీథేన్ ద్రవంలో పీబీఏటీ, పీఎల్ఏ కరుగుతాయి, పాలిథిన్ మామూలు ఉష్ణోగ్రత వద్ద కరగదు. మూడోది ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటం. ఎస్టరు బంధం తనకంటూ ఒక స్పష్టమైన శిఖరాన్ని చూపుతుంది, స్వచ్ఛమైన పాలిథిన్‌లో అది ఉండదు. ఇవన్నీ నిమిషాలలో తేలే పరీక్షలు. ఆరు నెలలు పట్టేది కంపోస్టు పరీక్ష మాత్రమే. ఇటువంటి పరీక్షలకు, ఎక్స్‌ట్రూషన్‌లో శిక్షణకు ప్రధానమైన ప్రభుత్వ సంస్థ సిపెట్. 1968లో చెన్నైలో స్థాపితమైన ఈ సంస్థకు హైదరాబాదులోని చర్లపల్లిలోను, విజయవాడ సమీపంలోని సూరంపల్లిలోను కేంద్రాలున్నాయి.

పాత ప్లాస్టిక్‌ను మళ్ళీ దానాగా మార్చే కార్ఖానాలు కూడా తేలడం, మునగడం అన్న ఈ సూత్రాన్నే వాడతాయి. ముక్కలు చేసిన చెత్తను నీటి తొట్టెలో పోసి, తేలిన పాలిథిన్‌ను తీసుకుని, మునిగినదానిని మట్టి, ఇసుకలతో పాటు పారవేస్తారు. తొట్టె ఉన్నచోట కంపోస్టబుల్ సంచులు వాటంతటవే అడుగుకు చేరుతాయి. తొట్టె లేకుండా పొడిగా నలిపి నేరుగా ఎక్స్‌ట్రూడరులో పోసే చిన్న చోట్ల మాత్రం అవి పాలిథిన్‌తో కలుస్తాయి. అప్పుడు వచ్చే ఫిల్ములో చారలు, రంధ్రాలు పడి బుడగ మాటిమాటికి తెగుతుంది.